పూటకూళ్లవానిని మరచిన కరుణ

శీతకాలపు సెలవులును వేసవి సెలవులును సమీపించుసరికి అమెరికా దేశపు క్రైస్తవ సంఘములలో ఒక ఉత్సాహము పొంగును. పదునేడు పదునెనిమిదేండ్ల బాలబాలికలు, వారితోడ ఒకరిద్దరు ఉపాధ్యాయులు, ఒక దంతవైద్యుడో నర్సో, పెద్దరికమునకు ఒక పాస్టరుగారు, పదిపన్నెండుగురు కలిసి జట్టుగా ఏర్పడి, కార్లు కడిగియు, కేకులు అమ్మియు, బంధుమిత్రులకు ఉత్తరములు వ్రాసియు ప్రయాణవ్యయమును సమకూర్చుకొని, పది దినములకో రెండు వారములకో హైతీకి గాని, హోండురాసుకు గాని, కాంబోడియాకు గాని, మన కృష్ణా గుంటూరు ప్రాంతములకు గాని బయలుదేరుదురు. 1957లో జార్జి వెర్వర్ అను కళాశాల విద్యార్థి ఇద్దరు మిత్రులను వెంటబెట్టుకొని వేసవి సెలవులలో మెక్సికోకు పోయి సువార్త పుస్తకములు పంచివచ్చుటయు, 1960లో లోరెన్ కన్నింగ్‌హామ్ అను యువకుడు ‘యూత్ విత్ ఎ మిషన్’ అను సంస్థను నెలకొల్పుటయు ఈ స్వల్పకాలిక యాత్రల వెల్లువకు నాందియైనవి. 2005 ప్రాంతమునాటికి, రాబర్ట్ వుత్నో అను సమాజశాస్త్రజ్ఞుని అంచనా ప్రకారము, ఒక్క అమెరికా సంఘములనుండియే యేటా 16 లక్షలమంది ఇట్లు విదేశములకు పోయివచ్చుచుండిరి. డాలసులోను న్యూజెర్సీలోను స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబముల పిల్లలును నేడు ఈ జట్లలో కనిపించుచున్నారు. తాతగారి సీమను చూచినట్లును ఉండును, దేవుని పని చేసినట్లును ఉండునని తలిదండ్రులు సంతోషముతోనే పంపుచున్నారు.

ఈ యాత్రికులు గోడలకు సున్నము వేయుదురు, మరుగుదొడ్లు కట్టుదురు, దంతశిబిరములు నడపుదురు. కాని అన్నింటికంటె వారి హృదయమును ఆకర్షించునది దిక్కులేని పిల్లల సేవ. పరాయి దేశపు పసివానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని బొమ్మల పుస్తకము చూపించుటకై తన పండుగ సెలవులను, తాను కూడబెట్టుకొన్న సొమ్మును త్యాగము చేయు యువతి సంకల్పమును శంకించు అధికారము ఎవరికిని లేదు. నాకు అసలే లేదు. మన దేశమున ఎందరో చదువుకొన్న యువకులు తమ వాడకు పక్కనున్న పేదవాడలోనికి జీవితమున ఒక్కసారియైన అడుగు పెట్టరన్న సంగతి ఎరిగినవాడెవడును, సముద్రములు దాటి వచ్చిన ఆ పిల్లలను పరిహసింపజాలడు. అయినను, పసిపిల్లల విషయమున ఈ యాత్రా పద్ధతి దారి తప్పినదని నా దృఢమైన విశ్వాసము. వచ్చిపోవువాడు పసివానికి సూటిగా ఆలంబనము కాజాలడు. కాబూనినచో మేలుకంటె కీడే ఎక్కువ చేయును. అతడు సేవింపవలసినది ఆ పసివానిచెంత నిలిచియుండు మనుష్యుని.

కృష్ణా డెల్టాలో కాలువగట్టు ప్రక్కనున్న ఒక బాలల గృహమున టీము వచ్చిన వేళ జరుగు సంరంభమును నేను దగ్గరనుండి చూచియున్నాను. ముందుదినముననే పిల్లలందరికి తలంట్లు పోసి, ఒకే రంగు గుడ్డతో కుట్టించిన కొత్తబట్టలు తొడిగిరి. షామియానా వేసిరి, బంతిపూల దండలు సిద్ధపరచిరి. వ్యాను దిగీదిగకముందే నలుబదిమంది పిల్లలు చేతులూపుచు, అర్థము తెలియకున్నను తప్పులేకుండ ఒక ఆంగ్ల గీతమును అభినయసహితముగా పాడిరి. అటుపిమ్మట బుడగలు, రంగుపెన్సిళ్లు, చాక్లెట్లు, ఫోటోలు. అయిదేండ్లు మించని ఒక బాలిక జట్టులోని ఒక కళాశాల విద్యార్థిని చిటికెనవ్రేలు పట్టుకొన్నది. నాలుగు దినములు ఆ వ్రేలు విడువలేదు. భోజనముల కడ ఆమె ప్రక్కనే కూర్చుండెడిది, ప్రార్థన జరుగుచుండగా ఆమె భుజముపై నిద్రించెడిది. వారు వెడలిపోవు ఉదయమున వ్యాను తలుపు వద్ద నిలిచి, “అక్కా, మళ్లీ ఎప్పుడొస్తావు?” అని అడిగెను. దుబాసీ అనువదించెను. ఆ యువతి కన్నీరు తుడుచుకొనుచు వచ్చే యేడు తప్పక వత్తునని మాటయిచ్చెను. ఆ క్షణమున ఆమె అన్నమాట నిజముగానే అన్నదనుటలో నాకు సందేహము లేదు. మరుసటి యేడు వేరొక సంఘము, వేరొక జట్టు వచ్చినది. ఆ బాలిక మరియొకరి వ్రేలు పట్టుకొన్నది.

ఆ నాలుగు దినములలో ఎవరును పలుకరింపని ఒక మనిషి ఆ ఆవరణమున ఉండెను. ఆమె వంటమనిషి. పిల్లలందరును ఆమెను అమ్మమ్మ అందురు. ఏ పిల్లవాడు రాత్రులు పక్క తడుపునో, ఎవనికి మూర్ఛవచ్చునో, ఏ పిల్ల వంకాయ ముట్టదో, ఏ పిల్ల వానకాలమున ఉరుము విని మంచము క్రింద దూరునో ఆమెకు తెలియును. నెలజీతము రెండు నెలలుగా బాకీయున్నదని ఆమె గిన్నెలు తోముకొనుచు, నిష్ఠురమేమియు లేకుండ, అడిగినందుకు మాత్రము చెప్పినది. అతిథుల ఫోటోలలో ఆమె ఎక్కడను లేదు. జట్టునకు గృహమును పరిచయము చేసినప్పుడు డైరెక్టరుగారిని, వారి సతీమణిని, ట్యూషన్ మాస్టారిని పరిచయము చేసిరి గాని, ఆ పిల్లల పాలిటి ప్రాణాధారమైన ఆ ముసలమ్మను పరిచయము చేయవలెనని ఎవరికిని తోచలేదు. అడుగవలెనని వచ్చినవారికిని తోచలేదు.

ముక్కు మొగము ఎరుగని వారి ఒడిలోనికి జంకు లేకుండ ఎక్కు పసివాని చనువును చూచి మనము మురిసిపోవుదుము. శిశుమనస్తత్వము ఎరిగినవారు దానిని గాయపు గుర్తుగా ఎంచుదురు. ఏలయన తల్లి చంకలో పెరిగిన బిడ్డ కొత్తవారిని చూచి మొగము దాచుకొనును. జాన్ బౌల్బీ అను ఆంగ్లేయ వైద్యుడు 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకై వ్రాసిన నివేదికలో, శిశువునకు తిండివలెనే ఒక స్థిరమైన మనిషి తోడును అవసరమని వాదించెను. 2000 సంవత్సరమున రుమేనియా రాజధాని బుకారెస్టులో ప్రారంభమైన పరిశోధనలో శిశుసదనములలోని 136 మంది పసిపిల్లలను తీసికొని, వారిలో సగముమందిని పెంపుడు కుటుంబములకు అప్పగించి, యేండ్ల తరబడి పరిశీలించిరి. ఇండ్లలో పెరిగినవారి బుద్ధివికాసము, అనుబంధశక్తి సదనములలో మిగిలినవారికంటె మెరుగుగా ఉండెను. రెండేండ్లలోపే ఇల్లు దొరకినవారి విషయమున ఆ తారతమ్యము మరింత స్ఫుటముగా కనిపించెను. ఇదంతయు మన ముసలమ్మలు పుస్తకములు లేకనే ఎరుగుదురు. నాలుగు దినములకొకసారి చేతులు మారు ప్రేమ బిడ్డకు నేర్పు పాఠమేమన, మనుష్యులు వచ్చునది పోవుటకే అని.

ఇంతకంటె గడ్డు సంగతి మరియొకటి కలదు. ఈ అనాథలలో ఎక్కువమంది అనాథలు కారు. కాంబోడియాలో 2005కును 2010కిని నడుమ శిశుసదనముల సంఖ్య 75 శాతము పెరిగినట్లును, వానిలోని బాలలలో ప్రతి నలుగురిలో ముగ్గురికి తల్లియో తండ్రియో సజీవముగా ఉన్నట్లును 2011లో యూనిసెఫ్ తోడ్పాటుతో వెలువడిన అధ్యయనము తేల్చినది. అనాథలు పెరుగలేదు, అనాథలను చూడవచ్చు యాత్రికులు పెరిగిరి. వచ్చువారికి పిల్లలు కావలెను, పిల్లలున్నచోటికి ధనము వచ్చును, ధనము వచ్చుచోటికి పేద తలిదండ్రులు చదువు మీది ఆశతో పిల్లలను పంపుదురు. ఈ గొలుసులో ఏ ఒక్కరును తమ్ము తాము దుష్టులుగా ఎరుగరు. 2017లో ఆస్ట్రేలియా పార్లమెంటరీ సంఘము ఈ తంతును ఆధునిక దాస్యములో ఒక రూపముగా పరిగణింపవలెనని తన నివేదికలో పేర్కొనుటకు ఇదియే హేతువు.

హైతీలో 2010 జనవరి 12న సంభవించిన ఘోర భూకంపము తరువాత నడచిన కథ లోకమునకు తెలిసినదే. అమెరికాలోని ఐడహో రాష్ట్రపు బాప్టిస్టు సంఘములకు చెందినవారు అధికముగానున్న పదిమంది జట్టు, 33 మంది పిల్లలను బస్సులో ఎక్కించుకొని డొమినికన్ రిపబ్లికు సరిహద్దు దాటబోగా, సరియైన పత్రములు లేవని ప్రభుత్వమువారు నిర్బంధించిరి. పిల్లలను విచారింపగా వారికి తలిదండ్రులున్నారని తేలినది. మంచి బడి, మంచి తిండి, ఆటస్థలము ఉండునని నమ్మి ఆ తలిదండ్రులే స్వయముగా అప్పగించిరి. అపహరణ అభియోగములు తరువాత కొట్టివేయబడినవి. జట్టు నాయకురాలొక్కతె తక్కువ నేరమునకు శిక్షితురాలై, అప్పటికి గడపిన చెరసాల కాలముతోనే విడుదల పొందెను. వారు బిడ్డలను ఎత్తుకపోవు దొంగలని నేను అనను. పేద తల్లి ఉన్నను లేనట్లే అను భావము వారి మనస్సులో, వారికే తెలియకుండ, పాతుకొనియుండుటయే నాకు దొంగతనముకంటె భయంకరముగా కనిపించుచున్నది.

మన తీరమున మాత్రము వేరుగా జరిగినదా? 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది ప్రాణములు పోయినవి, పిల్లలు నిజముగానే దిక్కులేనివారైరి. నాడు వారిని అక్కున చేర్చుకొన్న గృహములు ధన్యములు. తరువాతి కాలమున, ముఖ్యముగా ఎయిడ్స్ వ్యాధి కోస్తా జిల్లాలలోని కూలివాడలను పీల్చి పిప్పిచేసిన దినములలో, గృహములలో చేరిన పిల్లల వెనుక అనేకుల విషయమున ఒక విధవరాలు ఉండెను. ఆమెకు లేనిది బిడ్డపై ప్రేమ కాదు. మందులకు డబ్బు, పిల్లవాని ఫీజు, పొలములో పనికి పోయినప్పుడు చంటిదానిని చూచుకొను మనిషి. హోములవారు వచ్చి చదువు చెప్పింతుమనిరి, ఆమె వ్రేలిముద్ర వేసెను. బిడ్డ పేరు, ఫోటో అనాథయను శీర్షిక క్రింద సముద్రము దాటిపోయెను.

యాకోబు తన పత్రికలో నిర్మలమైన భక్తికి గుర్తుగా చెప్పినది అనాథను మాత్రమే కాదు. అనాథతోపాటు విధవను సయితము. వారిద్దరిని ఇబ్బందిలో పరామర్శింపుమని ఆ అపొస్తలుడు ఒక్క ఊపిరిలో చెప్పెను. రెండువేల యేండ్ల క్రిందట ఆయన జతచేసిన ఇద్దరిని మనము విడదీసితిమి. బిడ్డను మిద్దెయింటికి చేర్చి, తల్లిని గుడిసెలో వదలితిమి. బిడ్డకు స్పాన్సరును వెదకితిమి గాని తల్లికి పాడిగేదెను గాని కుట్టుమిషనును గాని వెదకలేదు.

క్రీస్తు చెప్పిన మంచి సమరయుని ఉపమానమును ఈ యాత్రలకు బయలుదేరువారు తప్పక ధ్యానింతురు. దెబ్బలు తిని దారిప్రక్కన పడియున్న వానిని చూచి యాజకుడును లేవీయుడును తొలగిపోగా, సమరయుడు జాలిపడి నూనెయు ద్రాక్షారసమును పోసి గాయములు కట్టెనన్నంతవరకు అందరును చెప్పుకొందురు. కాని ఆ కథ అంతటితో ముగియలేదు. సమరయుడు బాటసారి, అతనికి పోవలసిన ఊరున్నది, గాయపడినవాని మంచము ప్రక్కన నెలల తరబడి కూర్చుండగలవాడు కాడు. ఒక్క రాత్రి సేవచేసి, తెల్లవారగానే పూటకూళ్లవాని చేతిలో రెండు దేనారములు పెట్టి, ఇతనిని చూచుకొనుము, ఇంకేమైన ఖర్చైనచో తిరిగి వచ్చినప్పుడు తీర్చెదనని చెప్పి తన దారిని పోయెను. దేనారము ఆ కాలపు కూలివాని దినవేతనము. చూడుడు, స్వల్పకాలిక సేవకు ఇంతకంటె పరిపూర్ణమైన విధానము నేటి సంస్థలలో ఎవరైన రచించిరా! తాను ఉండజాలనని అతడు ఎరుగును, ఉండువాడెవడో గుర్తించును, వానికి సొమ్మిచ్చును, లెక్క చూచుకొందునని చెప్పును, మరల వత్తునని గాయపడినవానికి కాక, ఖర్చు పెట్టువానికి మాట యిచ్చును. మన సంఘములు చిత్రించుకొను బొమ్మలలో సమరయుడున్నాడు, గాడిద ఉన్నది, గాయపడినవాడున్నాడు. పూటకూళ్లవాడు ఎక్కడనో వాకిటి నీడలో కనిపించీ కనిపించనట్లుండును. గాయపడినవాడు కోలుకొన్నాడన్నచో అది ఆ మనిషి పెట్టిన గంజివలన, మార్చిన కట్లవలన.

మన తెలుగు సీమకు పూర్వము వచ్చిన మిషనరీలు ఈ సత్యమును ఏదో ఒక మేరకు ఎరిగినవారే. వారి లోపములను కప్పిపుచ్చ నవసరము లేదు. దొరతనపు నీడలో వచ్చినవారు, దొరలుగానే బ్రతికినవారు వారిలో ఎందరో. కాని వారు నిలిచిరి. జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరి, సుమారు నాలుగు దశాబ్దములు ఆ ప్రాంతముతో పెనవేసికొనెను, తెలుగు నేర్చెను. ధాత కరవు 1876లో విరుచుకపడి రెండేండ్లు మద్రాసు రాజధానిని మాడ్చినప్పుడు, ఆయన అన్నదానముతో తృప్తిపడక, పూర్వము చేసిన సర్వే పని అనుభవమును పురస్కరించుకొని, బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైబడిన తవ్వకమును కంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. తండ్రి కూలితో ఇంటికి వచ్చినచో బిడ్డకు అనాథశరణాలయముతో పని లేదు. కూటికొరకు మతము పుచ్చుకొన్నారన్న మాట రాకూడదని ఆ కరవుకాలమున ఒక సంవత్సరమునకు పైగా బాప్తిస్మములను నిలిపివేసిన నిగ్రహమును కూడ స్మరింపవలసియున్నది. 1878 జూలై 3న ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందుట ఆ తరువాతి మాట. ఇంతటి క్లౌగారి పని కూడ ఎవరిపై నిలిచినది? తాళ్లకొండపాడు మాదిగవాడకు చెందిన యెర్రగుంట్ల పేరయ్యపై, అతనివంటి పల్లె బోధకులపై. దొర గుఱ్ఱమెక్కి పోయిన తరువాత ఆ వాడలో రాత్రి ఉండిపోయినవారు వారు.

గుంటూరు చేరిన అన్నా కుగ్లర్ మాట చెప్పినచో మనస్సు ఆర్ద్రమగును. 1883లో వచ్చి, 1898లో స్త్రీలకు శిశువులకు ఆసుపత్రి నెలకొల్పి, 1930లో గుంటూరు మట్టిలోనే కన్నుమూసిన వైద్యురాలామె. తన భార్యకు ఆమె చేసిన చికిత్సకు కృతజ్ఞుడై, హిందూ ధర్మమున నిష్ఠగల ఏలూరు రాజా భుజంగరావు రోగుల బంధువులు విడిదిచేయుటకై ఆసుపత్రి చెంత ఒక సత్రము కట్టించెను. పల్లెలనుండి బాలింతతోడ వచ్చిన తల్లి, అత్త, ఆడబిడ్డ అక్కడ వంట చేసికొని రోగిని కనిపెట్టియుండుటకు వీలు కలిగెను. రోగికి వైద్యముతోపాటు తనవారును కావలెనని ఎరిగిన ధర్మకార్యము అది. మిషను బోర్డింగులను సయితము ఈ దృష్టితోనే చూడవలెను. బోర్డింగు పిల్లలకు ఊరు ఉండెడిది. క్రిస్మసుకు, వేసవికి మూట కట్టుకొని ఇంటికి పోయెడివారు. తండ్రి వడ్ల బస్తాతోనో చేతనైనంత ఫీజుతోనో వచ్చి చూచిపోయెడివాడు. చదువుకై ఇల్లు విడిచినవాడు వేరు, ఇల్లే లేనివాడని వ్రాయబడినవాడు వేరు.

ధనపు మాట కొంత చెప్పక తప్పదు. 1998లో మిచ్ అను తుపాను హోండురాసును ధ్వంసము చేసిన పిమ్మట, ఉత్తర అమెరికానుండి జట్లు పోయి ఇండ్లు కట్టినవి. ఆ దేశముననే నివసించి బోధించు కర్ట్ వెర్ బీక్ అను ఆచార్యుడు లెక్కకట్టగా, స్థానిక క్రైస్తవ సంస్థ 2,000 డాలర్లతో కట్టగల ఇంటికి, ఆ జట్టు ప్రయాణముతో కలిపి 30,000 డాలర్ల వరకు వ్యయమైనది. మన చెంత ఇట్టి లెక్క వేయుట కష్టము కాదు. అమెరికానుండి వచ్చిపోవుటకు మనిషికి సుమారు లక్ష రూపాయలు విమానపు టిక్కెట్టే అగును. పన్నెండుగురికి పన్నెండు లక్షలు. కేంద్రప్రభుత్వము వారి మిషన్ వాత్సల్య పథకము క్రింద, సదనమునకు పోకుండ ఇంటిలోనే బిడ్డ పెరుగుటకై స్పాన్సర్‌షిప్ పేర ఇచ్చునది నెలకు 4,000 రూపాయలు. ఆ లెక్కన ఒక్క జట్టు టిక్కెట్ల సొమ్ముతో ఇరువదియైదుగురు పిల్లలు ఒక సంవత్సరము తల్లి చెంతనే, నాయనమ్మ చెంతనే ఉండవచ్చును.

ఇందుకు వచ్చు సమాధానము నాకు తెలియును. కన్నులార చూడనిదే చేయి విప్పరు. ఈ యాత్ర పోయినవారి జీవితమును మార్చును. మారినవారు జీవితాంతము దాతలగుదురు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. ఒక పల్లెలో చూచిన దృశ్యము జీవితగతిని మార్చిన మనుష్యులున్నారు. అట్టివారిలో కొందరు పిమ్మట భాష నేర్చుకొని వచ్చి స్థిరపడిరి. కాని వెర్ బీక్ ఆ జట్లలోని వారిని తరువాత విచారింపగా, వారి దానశీలతలో గాని ప్రార్థనలో గాని నిలుకడయైన పెద్ద మార్పు కానరాలేదు. అదియు అట్లుండనిండు. ఒక యువతి హృదయము మారుటకై ఒక అయిదేండ్ల బిడ్డ మరియొకసారి విడువబడవలెనన్న బేరము న్యాయమైనదేనా? పెద్దవారు తమ శిక్షణకు పెద్దవారినే వెదకికొనవలెను.

కనుక రావలదని నేను అనను. రావలసిన చోటికి రండని అందును. దంతవైద్యుడు స్థానిక వైద్యునితో కలిసి పనిచేసి, పరికరమును, విద్యను వదలిపోవచ్చును. ఉపాధ్యాయిని పిల్లలకు నాలుగు దినములు ఆంగ్ల గీతములు నేర్పుటకంటె, ఏడాది పొడవున అదే గదిలో నిలుచు మాస్టారితో కూర్చుండి ఆయనకు కావలసినదేమో విని, ఆయన అడిగిన పుస్తకములు తెప్పింపవచ్చును. లెక్కలు తెలిసినవారు గృహపు జమాఖర్చులు చూడవచ్చును. జీతములు సకాలమున అందుచున్నవా అని అడుగవచ్చును. ఈ పని ఫోటోకు అందదు గాని, గిన్నెలు తోమునామెకు రెండు నెలల బాకీ తీరును. సాంఘిక సేవికతో కలిసి పల్లెకు పోయి, పిల్లవాని పినతల్లి ఎక్కడనున్నది, మేనమామ ఉంచుకొనగలడా అని విచారించువారికి దారిఖర్చు ఇవ్వవచ్చును. యేటేటా కొత్త దేశము మార్చక, ఇరువది యేండ్లు ఒకే ఊరికి, ఒకే బడికి, వీలైనంతవరకు ఆ మనుష్యులే వచ్చువారిని నేను గౌరవింతును. పసిపిల్లల పక్కలోనికి మాత్రము అతిథులు పోరాదు. తమ దేశమున ఏ శిశువిహారమును ముందువెనుకలు విచారింపక దారినపోవువారిని పసిపిల్లల గదిలోనికి అడుగు పెట్టనీయదు గదా. బీదదేశపు బిడ్డకు అంతకంటె తక్కువ కాపుదల చాలునని ఎవరు నిర్ణయించిరి?

విదేశీయులనే అనుట ధర్మము కాదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో అన్ని మతములవారును నేడు పుట్టినరోజులకు, పెండ్లిరోజులకు, తలిదండ్రుల వర్ధంతులకు అనాథాశ్రమములకు పోవుట ఆచారమైనది. కేకు కోయుదురు, బిర్యాని వడ్డింతురు, పిల్లలను వరుసగా నిలువబెట్టి థాంక్యూ చెప్పింతురు, ఆ సాయంత్రమే ఫోటో లోకమంతటికి చేరవేయుదురు. సంరక్షణ అవసరమైన బాలల గుర్తింపును ఫోటోలద్వారా వెల్లడించుట 2015 నాటి బాలల న్యాయచట్టపు 74వ సెక్షను ప్రకారము నేరమని దాతలలో ఎందరెరుగుదురు? తన బిడ్డకు పుట్టినరోజున మరియొక బిడ్డ లేమిని వేడుకగా చూపుట ఎట్టి సంస్కారము? నగర సంఘములనుండి అరకు, భద్రాచలము ఏజెన్సీ పల్లెలకు వేసవిలో వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూలు) నడుపబోవు మన యువకులును దీనిని ఆలోచింపవలెను. వారు పోవు ప్రతి గూడెమునను ఎండకు వానకు కదలక నిలిచిన ఒక అంగన్‌వాడీ కార్యకర్తయో, గిరిజన పాస్టరో, ఆశా కార్యకర్తయో ఉండును. మొదట కలియవలసినది ఆ మనిషిని. చెప్పుటకు ముందు వినవలసినది ఆ మనిషి మాటను.

పరాయి ఆధారము ఎంత పలుచనిదో మన దేశమునకు అనుభవమునకు వచ్చినది. విదేశీ విరాళముల అనుమతి విషయమున ప్రభుత్వపు నిబంధనలు అడ్డుపడగా, కంపాషన్ ఇంటర్నేషనల్ అను అమెరికన్ సంస్థ 2017 మార్చిలో భారతదేశమున తన పనిని ముగించుకొనెను. దాని ద్వారా పోషకులు దొరకిన పిల్లలు లక్షకు పైబడియుండిరి. ఆ నిర్ణయపు న్యాయాన్యాయములు వేరొక చర్చ. ఆ పిల్లలలో తలిదండ్రుల ఇంటనుండి బడికి పోవుచుండినవారికి పుస్తకముల సొమ్ము ఆగినను ఇల్లు నిలిచినది. ఇల్లే పరదేశపు ధనముపై కట్టిన బిడ్డకు అట్టి దినమున ఏమి మిగులును?

బాలల న్యాయచట్టము ఈ విషయమున స్పష్టముగా ఉన్నది: బిడ్డను సంస్థలో ఉంచుట అన్నిదారులు మూసికొనిన తరువాతి దారి, సంస్థకు రిజిస్ట్రేషను ఉండవలెను, బాలల సంక్షేమ సమితి ఉత్తరువు లేక బిడ్డను చేర్చుకొనరాదు. ఈ డిసెంబరున టీమును ఆహ్వానించు సంఘపు పెద్దలు ఈ పత్రములు ముందుగా చూచుకొందురు గాక. వచ్చువారును గృహము నడుపు అయ్యగారిని, ఎందరు పిల్లలున్నారని కాక, ఈ సంవత్సరము ఎందరు పిల్లలు తమ ఇంటికి తిరిగిపోయిరని అడుగుదురు గాక. తల్లులు నెలకెన్నిసార్లు బిడ్డను చూడ వచ్చుచున్నారని, రానివారు ఎందుకు రాలేకున్నారని అడిగినచో, చాల చోట్ల దొరకు సమాధానము బస్సు ఛార్జీ, ఒకనాటి కూలి నష్టము. పల్లెనుండి వచ్చి పోవు ఛార్జీ, పోయిన కూలి, మధ్యాహ్నము తల్లియు బిడ్డయు కలిసి భుజించుటకు రెండు భోజనములు, ఇంత సొమ్ము ప్రతి తల్లికి నెలకొకసారి ఏడాది పొడవున అందునట్లు ఆ గృహపు పుస్తకములలో ఒక పద్దు తెరువవచ్చును. కార్లు కడిగి కేకులు అమ్మి సమకూర్చిన ధనములో కొంతభాగము ఆ పద్దునకు చేరినచో, దానిని ఖర్చు పెట్టుటకు సముద్రము దాటవలసిన పనియు లేదు.